బాతులక్క తన బాతుల మీద చేసిన వాదన

ఆ ఊళ్ళో ఎవరైనా మొదలుపెట్టిన పనిని సగంలో వదిలేస్తే "బాతులక్కను పిలవమంటావా?" అని పక్కవాళ్ళు బెదిరించేవారు. పిలవక ముందే పని పూర్తయ్యేది. అలాగని ఆమె గయ్యాళి కాదు. ఎవరినీ పల్లెత్తు మాట అనేది కాదు. మెల్లగా వచ్చి పక్కన నిలబడి, కొంగు నడుముకు చుట్టుకొని, మిగిలిన సగం తానే చేయడం మొదలుపెట్టేది. తిట్టయితే దులుపుకొని పోవచ్చు. ఇది దులిపితే పోయే రకం కాదు.

అరకొర పని ఆమె ఒంటికి పడదు. ఈ గుణం వల్ల ఊరికి జరిగిన మేలు చిన్నది కాదు. తన ప్రాణానికి ప్రాణమైన బాతులు ఆమె చేయి జారిపోయింది కూడా ఈ గుణం వల్లనే. ఊళ్ళో దీన్ని రెండు మూడు రకాలుగా చెప్పుకుంటారు. అందులో నవ్వు కోసం కలిపిన సరుకు కొంత ఉంది. దాన్ని తీసేసినా మిగిలిన నిజానికి నవ్వు కొరత లేదు.

ఆమెకు బాతులు ఎలా వచ్చాయో ముందు తెలియాలి. ఆ ఇంటికి ఉన్నది వరి మళ్ళే. పెళ్ళయి వచ్చిన తొలి రోజుల్లో ఆ మళ్ళకు నత్తల బెడద పట్టుకుంది. పొద్దున నాటిన లేత నారు సాయంత్రానికి మొదలంటా కొరికేసి ఉండేది. అందరితో పాటు ఆమె భర్త కూడా మందు డబ్బా వీపుకు తగిలించుకొని మడిలో దిగేవాడు. ఒకసారి మందు కొడుతూ కొడుతూనే కళ్ళు తిరిగి గట్టు మీద వాలిపోయాడు. నీళ్ళు చల్లి లేపితే లేచాడు గాని, ఆ పూట నుంచి ఆ డబ్బా మళ్ళీ గుమ్మం దాటి బయటికి రాలేదు. ఆమె దాన్ని తలకిందులుగా తిప్పి పెరట్లో పాతేసింది. మర్నాడు సంతకు వెళ్ళి రెండు గంపల బాతులతో తిరిగి వచ్చింది.

అత్తగారు అరుగు మీద నుంచి గంపల్ని చూసి, "నత్తల్ని చంపమంటే ఇల్లు చంపే సరుకు తెచ్చింది" అన్నారట. అత్తగారు అన్నది ఒకటే గాని, ఊరు దానికి తలొకటి కలిపింది. నాట్లు వేళ్ళూనుకోగానే ఆ బాతులు వరసగా మళ్ళోకి దిగి, ముక్కులతో బురద కెలుకుతూ నత్తల్ని మింగుతూ, కలుపు మొలకల్ని పీకుతూ, సాలు సాలుకు మధ్య తిరుగుతుంటే ఊరు ఊరంతా గట్ల మీద నిలబడి చూసింది. కోతల నాటికి ఆ ఇంటి గాదె నిండింది. ఆమె అసలు పేరు అప్పటితో అటకెక్కింది.

పై మళ్ళు మరిదివి. అన్నదమ్ముల వాటాల్లో అతనికి మీది నేల, వీళ్ళకు కింది నేల వచ్చాయి. నీళ్ళు మీది నుంచి కిందికే పారుతాయి కనుక, మరిది మడిలో కొట్టిన మందు కాలువ వెంట వదిన మడి పక్కగా దిగి, ఊరి దిగువన ఉన్న పల్లపు నేలలోకి పోయేది. ఆమె ఈ సంగతి అతనికి మంచిగా చెప్పింది, హాస్యంగా చెప్పింది, మాట్లాడడం మానేసి కూడా చెప్పింది. అతను నవ్వి, "నీ బాతుల్ని చూస్తే నాకు పని చేస్తున్నట్టు అనిపించదు వదినా, షికారుకు వచ్చినట్టు ఉంటుంది" అనేవాడు. అతనికి పని అంటే వీపున బరువు ఉండాలి.

ఇక ఆ పల్లపు నేల. ఒకప్పుడు అది చిత్తడి. ఏడాది పొడుగునా నీళ్ళుండి, జమ్ము, తుంగ పెరిగి, పిట్టలతో నిండి ఉండేది. వెనకటి తరం వారు అక్కడ సాగు చేద్దామని లోతైన కాలువ తవ్వి నీళ్ళన్నీ వాగులోకి వదిలేశారు. రెండు పంటలు పండాయి. ఆ తర్వాత నేల నెర్రెలిచ్చింది, పైన ఉప్పు తేలింది. చిత్తడి ఎండిన వెనకే ఊరి బావులు కూడా ఒక్కొక్కటిగా అడుగంటాయి. తవ్విన వారిని తప్పు పట్టడం న్యాయం కాదు. ఆకలి మీద ఉన్నవాడు చెరువును చూసినా పొలమే కనబడుతుంది. అయితే తవ్వింది మనుషులే కనుక పూడ్చవలసిందీ మనుషులే అని బాతులక్క అంది. అని ఊరుకోలేదు. తట్ట పట్టుకొని కాలువ దగ్గరికి వెళ్ళి ఒంటరిగా మొదలుపెట్టింది.

ఆమె పక్కన నిలబడి పని చేయడం ఎలాంటిదో ముందే చెప్పుకున్నాం. ఆ కాలువను ఊరంతా కలిసి పూడ్చింది. తర్వాతి వానలకు పల్లంలో నీళ్ళు నిలిచాయి. ఇంటింటి నుంచీ ఒకరు వచ్చి జమ్ము దుంపలు, తుంగ పిలకలు తెచ్చి నాటారు. బావుల్లో చేద తాడు పొడవు తగ్గింది. లేత చిత్తడిని పశువులు తొక్కి పాడు చేయకుండా కట్టుబాట్లు కావాలన్నారు. వాటిని ఆలోచించి చెప్పింది కూడా బాతులక్కే. పశువు మొదటిసారి దిగితే దాని యజమాని పాడైన చోట తిరిగి నాటాలి. రెండోసారి దిగితే ఇంటిల్లిపాదీ పూడిక మోయాలి. మూడోసారి దిగితే, పట్టుకున్నవారి ఇంటికే ఆ పశువును తోలేయాలి. అది పాడు చేసిన చోట తిరిగి నాటిన జమ్ము మనిషి ఛాతీ ఎత్తు పెరిగేదాకా పాడి పట్టుకున్నవారిదే, మేపడమూ వారిదే. గడువు తీరాక మాత్రం ప్రాణంతో, ఆరోగ్యంగా అప్పగించాలి.

ఈ మూడో నియమానికి మొదట బలి అయింది మరిది గేదె. అది మూడుసార్లు దిగింది, మూడోసారి పట్టుకున్నది సాక్షాత్తు వదిన. దాహమేసి దిగిందని అతను వాదించాడు. దాహం పశువుకు వేస్తుందేమో, కాపలా మనిషికి కూడా వేయాలా అని ఆమె అడిగింది. గేదె ఆమె కొట్టానికి నడిచింది. ఆ పంట కాలమంతా వదిన ఇంట్లో గడ్డ పెరుగు, మరిది ఇంట్లో నల్లటి టీ. అన్నిటికన్నా ఘోరం, ఆ గేదె కొత్త కొట్టంలో ఒళ్ళు చేసింది. గడువు తీరి ఇంటికి పోయాక కూడా రోజూ పొద్దున్నే వదిన గుమ్మం వైపు తిరిగి అరిచేది. మరిది పళ్ళ బిగువున భరించాడు. తనకూ ఒక రోజు రాకపోతుందా అని కాచుకొని కూర్చున్నాడు.

ఆ రోజు నాట్లప్పుడు వచ్చింది. ఆ రోజుల్లో బాతులకు పని ఉండదు. నారు వేళ్ళూనుకునే దాకా వాటిని దొడ్లో మూసి ఉంచాలి. దిగువ నుంచి గాలి తిరిగినప్పుడల్లా చిత్తడి వాసన దొడ్లోకి వచ్చేది, బాతులన్నీ ఒక్కసారిగా మెడలు సాచేవి. ఒక రోజు దడి కింద సందు చేసుకొని వెళ్ళాయి. ఆమె పళ్ళు కొరుక్కుంటూ పోయి తిరిగి నాటి వచ్చింది. దడి బిగించింది. రెండో రోజు దడి మీదుగా వెళ్ళాయి. ఇంటిల్లిపాదీ పూడిక మోశారు. అత్తగారు చిన్న తట్ట నెత్తిన పెట్టుకొని, దారి పొడుగునా ఎదురైన ప్రతివారినీ ఆపి, ఈ వయసులో ఈ బరువు ఎవరి పుణ్యమో విడమరిచి చెప్పారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అవి ఇంటి దొంగలు. మూడో రోజు ఎలా వెళ్ళాయో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. అవి చిత్తడి నడుమ తెల్లగా తేలుతుంటే, ఒడ్డున రబ్బరు బూట్లతో మరిది నిలబడి, చేతులు కట్టుకొని, పెళ్ళికొడుకులా నవ్వుతూ కనిపించాడు.

ఊరి తగవులు తీరేది దర్జీ కొట్లో. మిషన్ గోడకు జరిపి, కత్తిరించిన గుడ్డలు ఒక మూలకు ఊడ్చి, అందరూ నేల మీద కూర్చుంటారు. దర్జీ మెడలో టేపుతో ఎత్తు పీట మీద కూర్చొని, గోల ఎక్కువైతే కత్తెర బల్ల మీద కొడతాడు. ఆయన పెట్టిన పద్ధతి ఒకటి ఉంది. ఎవరూ ముందు తమ మాట చెప్పుకోకూడదు. ఎదుటివారి మాట చెప్పాలి. అదీ, ఎదుటివారు "అవును, నా మాట ఇదే" అని ఒప్పుకునేంత చక్కగా చెప్పాలి. అంతదాకా వాళ్ళు "ఇంకా" అంటూనే ఉండొచ్చు. తిరగేసి చూస్తే గాని చొక్కా కుట్టు సంగతి తెలియదని ఆయన సిద్ధాంతం. ఈ పద్ధతి వచ్చాక ఊళ్ళో తగవులు తగ్గాయి. జ్ఞానం పెరిగి తగ్గాయో, ఎదుటివాడి తరఫున మాట్లాడే బాధ పడలేక తగ్గాయో తేల్చి చెప్పడం కష్టం.

ఆ పూట కొట్లో కాలు పెట్టే చోటు లేదు. గేదెకు పెట్టిన మూడో నియమం బాతులకూ వర్తిస్తుందా అన్నది తగవు. బాతులు పోతే ఆమెకు ఏం పోతుందో అందరికీ తెలుసు. నారు మళ్ళో పడింది, నత్తలు బురదలో కాచుకొని ఉన్నాయి. ఆమె మందు కొట్టదు. బాతులు లేకపోతే ఆ ఏటి తిండి గింజలు నత్తల పాలు. ఇది కాక, చేతులతో పెంచిన జీవాలు. ఇంత ఉన్నా జనం ముఖాల్లో జాలి కన్నా హుషారే ఎక్కువగా ఉంది. మరిది వదిన బాతుల్ని వెనకేసుకు రావాలి, వదిన తన బాతుల మీదే నేరం మోపాలి. ఇలాంటి ముచ్చట మళ్ళీ దొరుకుతుందా?

మరిది ముందు లేచాడు. బాతులు మూగజీవాలనీ, తెలియక వెళ్ళాయనీ రెండు ముక్కల్లో తేల్చి కూర్చోబోయాడు.

"అది నా మాట కాదు," అంది బాతులక్క. "తెలియక వెళ్ళలేదు. బాగా తెలిసే వెళ్ళాయి. ఇంకా."

జనం నవ్వారు. మరిది మళ్ళీ నిలబడ్డాడు. బాతులు నత్తల్ని తింటాయన్నాడు. ఇంకా అంది. నత్తల్ని తింటే ఆ మళ్ళలో మందు కొట్టే పని లేదన్నాడు. ఇంకా అంది. మందు లేని నీళ్ళు దిగువకు పోతే చిత్తడిలో కప్పలు బతుకుతాయన్నాడు.

"మరి మందు ఉన్న నీళ్ళు?"

"అవీ పోతాయి."

"ఎక్కడి నుంచి పోతాయి?"

"పై మళ్ళ నుంచి," అన్నాడు మరిది, కిటికీ వైపు చూస్తూ.

"పై మళ్ళు ఎవరివో మా తరఫున చెప్పు నాయనా. మాకు గుర్తు రావడం లేదు."

మరిది మింగలేక, కక్కలేక, మెడలో రుమాలు సర్దుకొని "నావి" అన్నాడు. కొట్టు కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. ఆ నవ్వులో అతని తోడబుట్టినవాడు, అంటే బాతులక్క భర్త, ఆ ఇంట్లో పెద్దగా నోరు విప్పని మనిషి, అందరికన్నా గట్టిగా నవ్వి వెంటనే దగ్గులోకి మార్చుకున్నాడు.

ఇక్కడ మరిది గురించి ఒక మాట న్యాయంగా చెప్పాలి. అతను మొండివాడే గాని మందమతి కాదు. మాట మీద మోజున్న వంశం వాళ్ళది. సిగ్గు ఒకసారి కరిగాక మనిషికి ఊపు వచ్చింది. ఊరు చిత్తడికి నీళ్ళు తెచ్చింది, జమ్ము తెచ్చింది, కానీ ఇన్నాళ్ళూ వలస పిట్టలు పైనుంచి చూసుకుంటూ పోయాయే తప్ప ఒక్కటీ దిగలేదన్నాడు. ఈ బాతులు నీళ్ళ మీద తేలిన రోజునే, కింద మనవాళ్ళు ఉన్నారనుకొని ఒక అడవి బాతుల గుంపు చక్కర్లు కొట్టి దిగిందన్నాడు. పిలుపు పంపినవాళ్ళను నేరస్తులంటామా అని అడిగాడు. వెనక వరసలో అత్తగారు ముక్కు చీదారు.

పిట్టలు దిగిన మాట నిజం. నలుగురు చూశారు. అవి బాతుల్ని చూసి దిగాయా, నీళ్ళు బాగుపడి దిగాయా అన్నది ఎవరూ రుజువు చేయలేరు. ఆ సంగతి దర్జీ కూడా అన్నాడు. కానీ సభ అప్పటికే మెత్తబడింది.

"అవును, నా మాట ఇదే," అంది బాతులక్క. "నాకన్నా బాగా చెప్పాడు."

ఇప్పుడు ఆమె వంతు. గెలుపు ఆమె గుప్పిట్లోనే ఉంది. తన వాదనలో బలమెంతో మరిదికే తెలియదు కనుక, అతని వాదనను ఆమె నీరసంగా అప్పజెప్పి కూర్చుంటే బాతులు ఇంటికి వచ్చేవి. ఇంటి నుంచి వచ్చేటప్పుడు అలాగే చేద్దామనుకుంది కూడా. మొదటి రెండు వాక్యాలు అలాగే చెప్పింది. మూడో వాక్యం దగ్గర ఆమె స్వభావం ఆమెను పట్టుకుంది. ఎదుటివాడు తన పనిని అంత నిండుగా చేసి కూర్చున్నాడు. తాను సగం చేసి వదిలేయడమా?

ఆమె నిటారుగా నిలబడింది. లేత జమ్ము మొలకల కొసల్ని బాతులు ఎలా కొరికాయో చెప్పింది. వాటి కాళ్ళ కింద తుంగ పిలకలు ఎలా పైకి తేలాయో, ఎన్ని చేతుల కష్టం ఒక్క పూటలో బురదైందో చెప్పింది. కప్పలు పెట్టిన గుడ్లను కూడా అవి తిన్నాయంది. నత్తలేవో గుడ్లేవో బాతు ముక్కు ఎంచి చూడదంది. తర్వాత మరిది వైపు చేయి చాపి, అతని గొంతుతోనే మాట్లాడింది.

"నా గేదె దాహమేసి దిగిందంటే ఈ సభ వినలేదు. వినొద్దని చెప్పింది ఈ బాతులక్కే. నాలుగు కాళ్ళకు ఒక న్యాయం, రెండు కాళ్ళకు ఒక న్యాయమా? గేదె బరువుగా ఉందని కనబడింది, బాతు తెల్లగా ఉందని ముద్దొచ్చింది. అంతేగా తేడా?"

కొట్లో ఈలలు పడ్డాయి. వెనక నుంచి అత్తగారి గొంతు వచ్చింది: "ఒసేయ్, ఎవరి వైపు మాట్లాడుతున్నావే నువ్వు?"

"మీ చిన్నకొడుకు వైపు అత్తయ్యా," అంది ఆమె వెనక్కి తిరగకుండా.

దర్జీ మరిదిని చూసి, నీ మాట ఇదేనా అని అడిగాడు. మరిది తన వాదన ఇంత గొప్పదని అప్పుడే మొదటిసారి తెలుసుకున్నవాడిలా నోరు తెరుచుకొని ఉన్నాడు. ఆ సంబరంలో ఒప్పుకుంటే సరిపోయేది. ఇంకా వినాలని ఆశ పుట్టి, "ఇంకా" అన్నాడు.

బాతులక్క ఆగింది. చెప్పవలసింది ఇంకొకటి ఉంది. అది మరిదికి తెలియదు, ఎవరికీ తెలియదు. చెప్పకపోతే అడిగేవారూ లేరు. కాని వాదనలో అది ఉంది, లేకపోతే వాదన నిండదు.

"మూడో రోజు నేను రాకముందే ఆమె చిత్తడి గట్టు మీద ఉంది," అంది, తన గురించే. ఆ గొంతులో ఇప్పుడు ఈలలు వేయించే సరదా లేదు. "పిలిస్తే వచ్చేవి. నూకల డబ్బా చేతిలోనే ఉంది. అవి ఆ నీళ్ళలో మునిగి లేస్తుంటే చూడ్డానికి బాగుందని పిలవలేదు. ఇది నా చివరి మాట."

ఎవరు మొదలుపెట్టారో గాని, అందరూ చప్పట్లు కొట్టారు. తన కేసును తానే ఓడించుకున్న మనిషికి చప్పట్లు కొట్టడం సబబేనా అన్న సందేహం మర్నాటికి గాని ఎవరికీ రాలేదు. చేతులెత్తి తీర్పు చెప్పారు. మూడో నియమమే నిలిచింది. బాతులు మరిది ఇంటికి.

ఆమె కూర్చుంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. భర్త ఆమె చేతి మీద చేయి వేశాడు.

దర్జీ కత్తెర దించబోతూ, ఏదో గుర్తొచ్చినట్టు మరిదిని అడిగాడు: "మందు ఎప్పుడు కొడుతున్నావు?"

ఎల్లుండి అన్నాడు మరిది.

"బాతుల్ని ఎక్కడ మేపుతావు?"

"ఇంకెక్కడ, నా మళ్ళోనే—" అని సగంలో ఆగిపోయాడు.

జనానికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. బాతులు ప్రాణంతో తిరిగి రావాలి. మందు కొట్టిన మడిలో బాతు బతకదు. మడిలో దింపకపోతే అన్ని నోళ్ళకు తిండి ఎక్కడి నుంచి తేవాలి? ఏళ్ళ తరబడి వదిన చెప్పి చెప్పి అలసిపోయిన పనిని మరిది తన నోటితో కోరి, పోట్లాడి, గెలిచి మరీ తెచ్చుకున్నాడు. ఆ నవ్వు ఇలాంటిదని చెప్పడం కష్టం. కొందరు నేల మీద పడుకొని నవ్వారు. దర్జీ కళ్ళజోడు తీసి టేపుతో కళ్ళు తుడుచుకున్నాడు. మరిది అందరి వైపూ చూసి, చివరకు తానూ నవ్వకుండా ఉండలేక, "వదినా, ఇది నువ్వు ముందే అనుకొని చేశావు" అన్నాడు.

ఊళ్ళో సగం మంది ఇప్పటికీ అలాగే నమ్ముతారు. రొట్టె విరిగి నేతిలో పడలేదు, ఆవిడే విరిచి పడేసిందంటారు. సాక్ష్యం మాత్రం అలా చెప్పదు. ముందే అనుకున్న మనిషి అయితే తీర్పు విన్నప్పుడు అలా పాలిపోదు. అందరూ నవ్వాక, ఆలస్యంగా, కన్నీళ్ళు తుడుచుకుంటూ నవ్వదు. ఆమెకు ఆ ఎత్తు తట్టి ఉండదు. ఎత్తులు వేసేవారికి దాచుకోవడం తెలియాలి, ఆమెకు అది చేతకాదు.

ఆ పంట కాలం ఇద్దరికీ పాఠమే. బాతులు లేని మళ్ళో ఆమె, భర్త, అత్తగారు వంగి చేతులతో నత్తల్ని ఏరారు. తెల్లారి దిగితే ఎండెక్కేదాకా అదే పని. తోడికోడలు కూడా వచ్చి, తన మొగుడు బాతులకు భయపడి పెరటి తలుపు తీయడం లేదని చెప్పి నవ్విస్తూ, ఒక సాలు ఏరి పోయేది. అత్తగారు నత్తల్ని బుట్టలో వేస్తూ ఒక్కొక్కదానికీ ఊళ్ళో ఒక్కొక్కరి పోలిక చెప్పేవారు. నత్తలు కొంత పైరు తిన్నాయి. కొంతే తిన్నాయి. తాము తినడానికి మిగిలింది.

పై గట్టు మీద వ్యవహారం వేరు. బాతుల గురించి వదినను అడగడం మరిదికి పరువు తక్కువ. అందుకని గట్టు దాకా వచ్చి, ఎటో చూస్తూ మాట్లాడేవాడు.

"ఎవరో అడుగుతున్నారు వదినా. బాతు ఒంటికాలి మీద నిలబడితే ఏమన్నా జబ్బా?"

"ఆ ఎవరికో చెప్పు, అది నిద్ర."

మర్నాడు ఆ ఎవరికో ఇంకొక సందేహం వచ్చేది. నీళ్ళలో తల ముంచి ఎంతసేపటికీ తీయకపోతే లాగాలా? ఒకదాన్నొకటి ముక్కుతో పొడుచుకుంటే విడదీయాలా, వాటి సంసారం వాటికి వదిలేయాలా? ఆమె నత్తలు ఏరుతూనే అన్నిటికీ సమాధానం చెప్పేది. ఒక రోజు అతను ఏ సాకూ పెట్టకుండా నేరుగా వచ్చి, అరచేతిలో గుడ్డు చూపించాడు. చూపించి వెళ్ళిపోయాడు. మందు డబ్బా కొట్టంలో గేదె పక్కన ఖాళీగా పడి ఉందని తోడికోడలు చెప్పింది.

వరి పొట్టకొచ్చే వేళకు బాతుల్ని మళ్ళలోంచి తీసేయాలి. లేకపోతే కంకులు తినేస్తాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే దర్జీ చిత్తడిలో దిగి జమ్ము పక్కన నిలబడి, ఛాతీ ఎత్తు వచ్చిందని తేల్చాడు. గడువు తీరింది. పీకినా కదలనంత బలంగా వేళ్ళు పట్టాయి కనుక, వరి కోత అయ్యేదాకా బాతులు చిత్తడిలో మేయొచ్చని సభ ఒప్పుకుంది.

బాతులక్క ఆ సాయంత్రం నూకల డబ్బా పట్టుకొని పై గట్టుకు వెళ్ళింది. పొద్దుటి నుంచి ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. రెండుసార్లు దొడ్డి ఊడ్చింది. తొట్టిలో నీళ్ళు మార్చి, మళ్ళీ మార్చింది. మరిది ఇంటి ముందు నిలబడి డబ్బా మీద వేళ్ళతో వాయించింది. బాతులు మెడలు తిప్పి చూశాయి. గుర్తుపట్టాయి, అందులో అనుమానం లేదు. ఒకటి రెండు పలకరించాయి కూడా. కానీ కదలలేదు. అంతలో మరిది బూట్లు వేసుకొని గుమ్మంలోంచి బయటికి వచ్చాడు. ఆ బూట్లు తడి నేల మీద చప్పుడు చేయగానే బాతులన్నీ లేచి, వరస కట్టి, అతని మడమల వెనక నడిచాయి. ఆ బూట్లు తొక్కిన బురదలోంచి వానపాములు పైకి వస్తాయని అవి ఈ కాలమంతా నేర్చుకున్నాయి. ఇందులో ప్రేమ పాలెంత, పురుగుల పాలెంత అన్నది బాతులకే తెలియాలి.

మరిది ఆగిపోయాడు. ముఖం ఎర్రబడింది. "నేనేం చేయలేదు వదినా," అన్నాడు. "నిజంగా. తోలుకుపో. నేను లోపలికి పోతాను."

అతను లోపలికి పోతే అవి వస్తాయి. రాకపోతే గంపల్లో మోసుకుపోవచ్చు. ఆమె హక్కు అది, సభ ఇచ్చిన హక్కు. ఆమె అతని వంక చూసింది. కాళ్ళ చుట్టూ బాతులతో, ఎటు అడుగు వేస్తే ఏది నలుగుతుందోనని భయపడుతూ నిలబడ్డ మనిషిని చూసింది. కొట్టం వైపు చూసింది. ఈ బాతులు కిందికి దిగిపోతే వచ్చే నాట్లకు ఆ డబ్బా మళ్ళీ ఇతని వీపు ఎక్కుతుంది. ఎక్కదని అతను అనొచ్చు, మనసారానే అనొచ్చు. కానీ నత్తలు మాట వినవు.

"వీటికి నడక నేర్పింది నువ్వు కాదా?" అంది. "ఉంచుకో."

"అన్నీనా?"

"అన్నీనే. సగం తోలుకుపోతే తక్కినవి అరుస్తాయి. మీ గేదె అరుపు విన్నాను, చాలు." ఆమె నూకల డబ్బా అతని చేతికిచ్చింది. "నాకు గుడ్లు ఇవ్వు. మా నల్లకోడి పొదగడానికి కూర్చుంది. దాని కింద పెడతాను."

మరిది లోపలికి వెళ్ళి తోడికోడలితో కలిసి బుట్టలో గడ్డి పరిచి, గుడ్లు ఒక్కొక్కటీ దీపానికి పట్టి చూసి, మంచివి మాత్రమే పేర్చి తెచ్చాడు. బుట్ట తానే మోసుకొస్తానన్నాడు. ఆ బూట్లతో వద్దు, వెనకాల ఊరేగింపు వస్తుందని ఆమె అంది. అతను పకపకా నవ్వాడు. ఆమెకూ లోపల నుంచి నవ్వు తన్నుకొచ్చింది. బుట్టను రెండు చేతులతో పొట్టకు హత్తుకొని ఉంది, పొట్ట కదిలితే గుడ్లు కదులుతాయి. పెదవులు బిగించింది. బుగ్గలు ఉబ్బాయి.

"వదినా, ఒక్క మాట. ఆ కోడికి తన పిల్లలు నీళ్ళలోకి దూకిన రోజున—"

"నవ్వించకు," అంది ఆమె పళ్ళ సందులోంచి. "గుడ్లున్నాయి."

అలాగే వెనక్కి తిరిగి, ఏనాడూ మెల్లగా నడవడం తెలియని మనిషి, అడుగులో అడుగు వేస్తూ, కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేక, ఎదురొచ్చిన వారెవరి ముఖమూ చూడకుండా గట్టు దిగింది.